అత్తయ్య దగ్గు

అత్తయ్య మొన్న ఉదయం బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో పోయారు. నాకు రక్తసంబంధం లేదు. ఫిలింనగర్ డబ్బింగ్ థియేటర్లన్నిటికీ ఆవిడ అత్తయ్యే. తెరమీద ఎందరో తల్లులకూ నాయనమ్మలకూ గొంతు ఆవిడదే. మీరూ వినే ఉంటారు. ముఖం మాత్రం కృష్ణానగర్‌లో ఆవిడ వీధివాళ్లకే తెలుసు.

నేను సౌండ్ ఇంజనీర్ని. మైకు ముందుకు వెళ్లేటప్పుడు అత్తయ్య, చప్పుడు పడుతుందని గాజులు తీసి నా బల్లమీద పెట్టేవారు. ఏడుపు సీన్లంటే ఆవిడకు చిన్నచూపు. "ఏడుపు ఎవరైనా ఏడుస్తారురా. దగ్గులో వయసు తెలియాలి, ఆ మనిషి ఏం దాచుకుంటోందో తెలియాలి" అనేవారు. ఆవిడ దగ్గు వింటే జబ్బు పేరు చెప్పేయొచ్చని మేం ఆటపట్టించేవాళ్లం.

డెబ్బై దాటాక గుండె కవాటం పాడైంది. డాక్టరుగారు ఏమీ దాచలేదు. "గుండె బాగుచేస్తామండీ. ఈ వయసులో ఆపరేషన్ కంటే తర్వాత తేరుకోవడమే కష్టం" అన్నారు. కూతురు వద్దంది. అత్తయ్య వినలేదు.

"వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తోందే. కొడుకుని తిట్టే తల్లి అలా ఆగి ఆగి తిడుతుందా?"

ఆవిడ కోరుకున్నది ఒక్క వాక్యానికి సరిపడా ఊపిరి.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఊపిరితిత్తుల్లో కఫం నిలవకుండా, ఛాతీకి దిండు అదుముకుని గట్టిగా దగ్గమన్నారు. అత్తయ్య దగ్గారు. గది అదిరింది. నర్సులు సంబరపడ్డారు. ఒకట్రెండు రోజులు గడిచాక ఫిజియోథెరపీ అమ్మాయి వీపుమీద చెయ్యి వేసి చూసింది.

"అమ్మా, గిది గొంతులకెల్లి వస్తున్నది. ఛాతిలకెల్లి రావాలె. యాక్టింగ్ చేస్తున్నరా ఏంది?"

అత్తయ్య బిత్తరపోయారు. "లేదమ్మా, దగ్గమంటే నాకొచ్చింది ఇదే."

గొంతు చెడకుండా దగ్గడమే ఇన్నేళ్లూ సాధన చేసిన మనిషికి మామూలు దగ్గు చేతకాలేదు. అందరం నవ్వుకున్నాం. ఆ రాత్రే, లోపల కఫం నిలిచిపోయి జ్వరం వచ్చింది, మళ్లీ ఐసీయూకి తీసుకెళ్లారు. ఒక్క దగ్గు వల్లే కాదు, ఆ వయసుకి ఊపిరితిత్తులు ముందే అలిసిపోయి ఉన్నాయన్నారు. గుండె మాత్రం చివరిదాకా చక్కగా పనిచేసిందట. ఆ మాట నాకింకా మింగుడుపడటం లేదు.

నేను ఆఖరిసారి చూసింది ఐసీయూ అద్దం ఇవతలి నుంచి. అత్తయ్య దిండు అదుముకుని, నొప్పికి ముఖమంతా చిట్లించి దగ్గారు. నాకేమీ వినపడలేదు. కానీ భుజాలు ఎగిసిన తీరు చూస్తే, ఈసారి లోపలి నుంచే వచ్చిందని తెలిసింది. కాసేపు అలుపు తీర్చుకుని, కళ్లు తెరిచి, అద్దంలోంచి నావైపు చూసి కనుబొమలు ఎగరేశారు. థియేటర్లో ప్రతి టేక్ తర్వాతా, బాగా వచ్చిందా అని అలాగే అడిగేవారు. ఏడుపు ఆపుకుంటూ బొటనవేలు ఎత్తి ఓకే చెప్పాను.

ఆవిడ ఒప్పుకోలేదు. తల అడ్డంగా ఊపి, దిండు మళ్లీ దగ్గరకు లాక్కున్నారు.