జబ్బును పేరు పెట్టి పిలిచిన వనజక్క

వనజక్క ఇక లేరు. జనగామలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం బోధించి నిరుడే పదవీ విరమణ చేసిన మా వనజక్క, ఊపిరితిత్తులకు సోకిన ఇన్ఫెక్షన్‌తో హైదరాబాదులోని ఒక దవాఖానలో కన్నుమూశారు. ఆమె భర్త ఫోన్ చేసేసరికి నేను స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "అక్క పోయిందమ్మా" అన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆ ఫోను ఎప్పుడొస్తుందోనని ఏళ్ళ తరబడి భయపడి భయపడి మనసు ముందే అరిగిపోయినట్టుంది. దుఃఖం కన్నా ముందు అలసట వచ్చింది. కలం మూత పెట్టి, ఎర్ర సిరా అంటిన వేళ్ళతో పేపర్లు కట్టగట్టాను.

తెలుగు చెప్పేదాన్ని కనుక ‘విజ్ఞానజ్యోతి ఆరిపోయింది, విద్యాలోకం చీకటైంది’ అని మొదలుపెట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆమె ఉంటే ఊరుకునేవారు కాదు. ఎవరి పదవీ విరమణకైనా నేను రాసిన సన్మాన పత్రం ముందు ఆమె చేతికి వెళ్ళాల్సిందే. "గింత సంస్కృతం పోస్తివేంది రమా, గిండ్ల మనిషి యాడున్నడో దొర్కుతలేడు" అని పెన్సిలుతో నిర్దాక్షిణ్యంగా కొట్టేసేవారు. ఆ పెన్సిలు ఇప్పుడు లేదు గనుక ఈ వ్యాసంలో నాలుగు పెద్ద మాటలు ఎక్కువైతే పాఠకులు మన్నించాలి.

రఘునాథపల్లి దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టారామె. పీజీ చదివే రోజుల్లో సెలవులకు ఇంటికొచ్చినప్పుడు రెండు బుగ్గలూ ఎర్రబడితే, పత్తి చేనుకు పోయింది, ఎండ తగిలిందన్నారు. కీళ్ళు నొస్తే వాతమన్నారు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలితే దిష్టి తీశారు. ఆ మూడూ ఒకే జబ్బు పనులని, దాని పేరు లూపస్ అని తెలిసేసరికి అది మూత్రపిండాల దాకా పాకింది. "మావోళ్ళు మూడింటికి మూడు మందులు జేసిండ్రు. ఒక్కటి గూడ దానికి తగల్లే" అని ఆమె నవ్వేవారు. ఆ నవ్వు నాకెప్పుడూ నవ్వులా అనిపించలేదు.

మా పరిచయం భూపాలపల్లిలో. అక్కడికి బదిలీ అయి వెళ్ళిన కొత్తలో పొద్దున్న పూట నా వేళ్ళు సుద్దముక్కను పట్టనిచ్చేవి కావు. బచ్చన్నపేట నుంచి మా అమ్మ నూనె కాచి పంపేది. వీధి చివర ఆర్ఎంపీ వారం వారం సూది వేసేవాడు. స్టాఫ్ రూములో టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగుతున్న నన్ను చూసి, అప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్న వనజక్క పక్కన కూర్చున్నారు. పేరు కూడా అడగలేదు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "పొద్దుగాల లేవంగనె ఎంతసేపు బిగుసుకుంటయ్?" అని అడిగారు. ఎక్కడ నొప్పి అని అందరూ అడిగారు గానీ, ఎంతసేపు అని అడిగిన మొదటి మనిషి ఆమె. ఆ ఆదివారమే నన్ను బస్సెక్కించి కీళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. ఇవాళ ఈ వ్యాసం నా చేత్తో రాస్తున్నానంటే అది ఆమె పుణ్యమే.

తిరుగు బస్సులో ఏడుస్తూ అడిగాను, నాకే ఎందుకని. ఓదార్పు మాటలు ఆమెకు చేతకావు, పాఠం చెప్పారు. "ఒంటికి కావలి ఇంటి కుక్కున్నది అనుకో. క్రిమి అనే దొంగను కరవాలె. అది ఇంటోళ్ళనే గుర్తువట్టక కరుస్తున్నది. నీ ఒంట్ల కీళ్ళను కరుస్తున్నది, నా ఒంట్ల ఏది దొరికితే దాన్ని. కుక్కను సంపుకుంటమా? గొలుసు పొట్టిగ కడ్తం. మన గోళీలు గా గొలుసే. ఇగ గొలుసు పొట్టిగైతే దొంగ జర అల్కగ వస్తడు, అందుకే జరమొస్తె లైట్ తీసుకోవద్దు." చివరికి ఆమె ఊపిరితిత్తుల్లో దొంగ అలాగే పడ్డాడు.

మరి ఆడవాళ్ళకే ఈ జబ్బులు ఎందుకెక్కువ అన్నాను. ఆ ప్రశ్న ఆమెకు ప్రాణం. "మనకు ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒంటిని కాపాడే జన్యువులు దాని మీద మస్తుంటయ్. రెండిట్ల ఒకదాన్ని ఒళ్ళు పండవెట్టాలె. ఒక్కోపారి అది సగమే పంటది, ఒక కన్ను తెరిచే ఉంటది. గది ఒక్కటే గాదు, హార్మోన్లున్నయ్, అవ్వ నుంచో నాయిన నుంచో వచ్చిన గుణమున్నది, ఎండ, ఏదన్న ఇన్ఫెక్షను, గివన్ని గలవాలె. ఒక్క ప్యాకెట్ల పత్తి గింజలు పెడితె అన్ని ఒక్క తీరుగ మొలుస్తయా?" అన్నారు. అన్నీ కలిసి నాలోనే ఎందుకు మొలిచిందని రెట్టించాను. "గది మాత్రం తెల్వది. సైన్సుకు గూడ ఇంకా పూర్తిగ తెల్వది. కని నువ్వు జేసిన పాపం గాదు, గది తెలుసు." ఏ స్తోత్రమూ ఇవ్వని ఊరట ఆ ‘తెల్వది’ అనే మాట ఇచ్చింది నాకు.

ఇంత నిర్భయంగా మాట్లాడే మనిషి కూడా పెళ్ళయిన కొత్తలో తన జబ్బు పేరు దాచుకున్నారంటే ఇప్పటివాళ్ళు నమ్మకపోవచ్చు. పెళ్ళికి ముందే భర్తకు చెప్పారు, ఆయన సరేనన్నారు. అత్తగారు నర్సమ్మ మాత్రం ఒక షరతు పెట్టారు. చుట్టాలు అడిగితే థైరాయిడ్ అనాలి. మా వైపు ఆ పేరుకు మర్యాద ఉంది. ఇంటికొకరికి ఉంటుంది, ఎవరూ రెండో ప్రశ్న వేయరు. కొత్త రోగం పేరు చెబితే మాత్రం ఏడు తరాలు తవ్వుతారు. అలా మా జిల్లాల్లో ఎంతమంది ఆడవాళ్ళు వేరే జబ్బులను థైరాయిడ్ చీర కప్పి తిప్పుతున్నారో దేవుడికే తెలియాలి.

మహబూబాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు కొత్తగూడలో చుట్టాల పెళ్ళికి మూడు రోజులకని వెళ్ళారు. అంతమందిలో గోళీల సంచి తెరిస్తే చూస్తారని నర్సమ్మగారు దాన్ని ఇంట్లోనే పెట్టించారు. రోజూ వేసుకునే స్టెరాయిడ్ గోళీ ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు కూలిపోతుందని అత్తగారికి తెలియదు. తెలిసిన వనజక్క, అత్తమాట కాదనలేక, ఏమవుతుందిలే అనుకున్నారు. పెళ్ళి పందిట్లోనే వాంతులు చేసుకుని పడిపోయారు. దవాఖానలో డాక్టరు ఏం మందులు వాడుతుందని అడిగితే, చుట్టూ చుట్టాలున్నారని నర్సమ్మగారు "థైరాయిడ్ గోళీలు సారూ" అన్నారు. డాక్టరు ఎండదెబ్బ అనుకుని సెలైన్ ఎక్కించారు. బీపీ పడిపోతూనే ఉంది. కాస్త తెలివొచ్చిన క్షణాన వనజక్క ఆయన చొక్కా పట్టుకుని లాగి, "థైరాయిడ్ గాదు సార్, లూపస్. స్టెరాయిడ్ ఏసుకోలే" అన్నారు. ఆ ఒక్క మాటకు సూది మారింది, మనిషి బతికింది.

మరుసటి జాతరకు నర్సమ్మగారు, కోడలు బతికితే ఇస్తానన్న మొక్కు తీర్చారు, నిలువెత్తు బంగారం. వనదేవతలకు బెల్లమే బంగారం, మనిషి బరువుకు సమానంగా తూచి ఇవ్వాలి. స్టెరాయిడ్లకు ఒళ్ళు వచ్చిన వనజక్క తక్కెడలో కూర్చుని, "అత్తమ్మా, సగం బెల్లం గోళీల పేరు మీద జెప్పుండ్రి, గది నా బరువు గాదు" అన్నారట. ఆ తర్వాత నర్సమ్మగారికి సిగ్గు పూర్తిగా పోయింది. బస్సులో పక్క సీటు మనిషి అడగకపోయినా "మా కోడలికి లూపస్" అని కలెక్టరు ఉద్యోగం వచ్చినంత ధీమాగా చెప్పేవారు.

మొన్న మొన్నటి మాట. మా అమ్మాయి స్వాతికి వేళ్ళు వాచాయి. నాలుగు చోట్ల సంబంధాల మాట నడుస్తోంది. పరీక్షలో నా జబ్బే అని వచ్చింది. కాగితం చేతిలో పట్టుకుని వనజక్కకే ఫోన్ చేశాను. అప్పటికే ఆమెకు ఆయాసం, మాట మాటకూ ఆగుతున్నారు. "తల్లికుంటె బిడ్డకు వస్తదనేం లేదు, రానేరాదనీ లేదు. వచ్చింది. జల్ది మందు మొదలువెట్టు. పేరు మాత్రం దాయకు రమా. పేరు దాస్తె మందు తొవ్వ తప్పుతది." ఆమె నాతో మాట్లాడిన చివరి మాటలు అవే.

పెద్దకర్మ నాడు జనగామలో పంక్తిలో కూర్చున్నాం. స్వాతికి నీళ్ళ సీసా మూత తిరగలేదు. ఎదుటి వరసలో ఉన్న యాదమ్మ వదిన చూసింది. వాళ్ళ అబ్బాయికి మా స్వాతిని అడగాలనుకుంటున్నారని నా చెవిన ముందే పడింది. "బిడ్డకు చేతులేంది, గట్ల వాసినయ్?" అంది. నిజం చెబుతున్నాను, నా నాలుక చివరికి థైరాయిడే వచ్చింది. స్వాతి నా మొహంలోకి చూస్తోంది. వడ్డన చూస్తూ నిలబడిన నర్సమ్మగారు కూడా చూస్తున్నారు.

"రుమటాయిడ్ వదినా. నాకున్నదే. బిడ్డకు గూడ వచ్చింది, మందులు వాడుతున్నది" అన్నాను.

వదిన తల వంచి విస్తరిలో అన్నం కలుపుకుంది. పోయింది సంబంధం అనుకున్నాను. భోజనాలయ్యాక చేతులు కడిగే చోట ఆమె నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "నాకు గూడ పొద్దుగాల పిడికిలి పడ్తలేదు. ఇంట్ల థైరాయిడ్ అని చెప్పుకుంట తిరుగుతున్న. ఏం జెయ్యాలె, ఎవలకు చూపియ్యాలె?"

"ఉండు వదినా, వనజక్కను అడిగి చెప్త" అన్నాను.

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఫోనొచ్చిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆమె పనిచేసిన మూడు జిల్లాల్లో ఆమె దారి చూపిన ఎందరు ఆడవాళ్ళు ఇలా అలవాటు చొప్పున ఆమె నంబరు నొక్కి ఆగిపోతున్నారో! ఆ లోటు తీర్చే శక్తి నాకు లేదు, ఓపికా లేదు. అయినా వదిన తడి చేతులు ఇంకా నా ముందే ఉన్నాయి. వాటిని నా వంకర వేళ్ళతో పట్టుకుని అడిగాను.

"పొద్దుగాల లేవంగనె ఎంతసేపు బిగుసుకుంటయ్?"