ఆమె చెప్పుకోవాల్సిన మాట

నా చిన్నప్పుడు ఒక ఆదివారం ఆరాధనలో, ప్రార్థన మనవులు చెప్పే వేళ, నేను లేచి నిలబడి పక్కింటి అక్కకు మూర్ఛ రోగం నయం కావాలని అడిగాను. ఎవరు ఏం అడిగినా చివర అందరూ ఆమెన్ అనడం మా సంఘంలో అలవాటు. ఆ అలవాటు కొద్దీ అందరూ అన్నారు. అన్న తర్వాత గాని తాము విన్నదేమిటో వాళ్లకు తెలిసిరాలేదు. ఆడవాళ్ల వైపు చాప మీద, అక్కకూ వాళ్లమ్మకూ మధ్య, హిందూపురం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. అక్కను చేసుకోబోయే అబ్బాయికి పిన్ని. ఆమె తల మీది కొంగు సర్దుకుని అక్క ముఖంలోకి ఒకసారి చూసింది. దీవెన చెప్పకముందే లేచి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

అప్పుడు నాకు పదేళ్లు. తొంభైల మొదట్లో సంగతి. పెనుకొండలో, కొండ కింది వీధిలో ఉన్న ఆ చిన్న సంఘానికి మా తాత కాపరి, అంటే పాస్టరు. ప్రసంగం పావుగంటలో ముగించేవాడు. ఆయన అసలు పని గురువారం సాయంత్రాలు మా ఇంటి వసారాలో జరిగేది. ఎవరైనా బాధ చెప్పుకోవడానికి వస్తే ముందు బైబిలు మూసి, కళ్లజోడు తీసి దాని మీద పెట్టేవాడు. పుస్తకం తెరిచి ఉంటే చెయ్యి వాక్యం వెతుకుతుందని, వాక్యం వెతికేవాడు సగమే వింటాడని ఆయన నమ్మకం. ఆ తర్వాత ఊ కొట్టడం తప్ప ఏమీ ఉండేది కాదు. మా అవ్వకు ఇది గిట్టేది కాదు. "ఈయప్పకు చెప్పుకునేదీ గోడకు చెప్పుకునేదీ ఒకటే. గోడ ఊ అనదు, అంతే తేడా" అనేది. తాత దానికీ ఊ అనేవాడు.

అక్క మూడు గురువారాలు వరసగా వచ్చింది. నేను తెర వెనక లెక్కలు చేసుకుంటూ అంతా విన్నాను. అనంతపురం ఆసుపత్రి మాత్రలు వాడుతోంది. ఏడాదికి ఒకసారో రెండుసార్లో మూర్ఛ వస్తుంది. అబ్బాయి వాళ్లకు చెప్పవద్దని వాళ్లమ్మ ఒట్టు వేయించుకుంది. "చెప్తే సంబంధం పోతాది అయ్యగారూ, చెప్పకుంటే నాకు నిద్ర పోతాది" అని ఏడ్చింది. తాత "ఇంకా ఏముండాది, చెప్పమ్మా" అన్నాడు, అంతే. మూడో వారం ఆమె ఏడవలేదు. ఆ అబ్బాయి ఎలా నవ్వుతాడో చెప్పింది. అతనికి జబ్బు సంగతి ఏ మాటతో మొదలుపెడితే బాగుంటుందో రెండు మూడు రకాలుగా అని చూసుకుంది.

ఆమె వెళ్లాక నేను ఉండబట్టలేక, "ఏమన్నా చెప్పొచ్చు కదా తాతా, అంత అడుగుతాంటే?" అన్నాను.

"ఆయమ్మే చెప్తాంది గదా అమ్మీ" అన్నాడు.

ఆ జవాబు నాకు అర్థం కాలేదు. తాతకు చేతకాని పని దేవుడితో నేనే చేయిస్తాననుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం తిట్లు పడతాయని భయపడుతూ వసారాలో నిలబడ్డాను. తాత బెంచీ చూపించి కూర్చోమన్నాడు. అందరికీ చేసినట్టే నాకూ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. అక్కకు నయం కావాలనే అడిగానన్నాను. ఊ అన్నాడు. చిన్నపిల్ల బాగా మనవి చేస్తుందని అందరూ మెచ్చుకుంటారని కూడా అన్నాను. ఊ అన్నాడు. ఆ తర్వాత నా వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపుకు ఆగలేక అసలు సంగతి నా నోటివెంట వచ్చేసింది: ఎవరికీ తెలియని మాట నాకు తెలుసని నలుగురికీ తెలియాలనిపించింది. అక్క పక్కనున్నావిడ ఎవరో తెలియక అన్నానని మాత్రం అప్పుడూ అబద్ధమాడాను. నాకు తెలుసు. ముందు రోజు అక్క వాళ్లింట్లో ఆమెకు మంచినీళ్లు ఇచ్చింది నేనే.

మంగళవారం హిందూపురం నుంచి కబురు వచ్చింది. జబ్బు ఉన్నందుకు కాదు, దాచినందుకు వద్దనుకుంటున్నామని.

తాత నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. అక్క వాళ్లమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. "ఇంకా ఏం ఇనాలని వచ్చినారు అయ్యగారూ? ఇంకేం మిగల్లేదు మా ఇంట్లో" అంది. తాత చెప్పులు విడిచి, "నా ఇంట్లోంచి పోయిన మాటమ్మా. తప్పు నాది" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు తెరవలేదు. మాట్లాడవలసిన చోట ఊరుకోవడం కూడా ఆ రోజే నేర్చుకున్నాను. లోపలినుంచి అక్క వచ్చి నన్నే చూసింది. కోపంగా చూసినా బాగుండేది. "అది నేను చెప్పుకోవాల్సిన మాట పాపా" అని లోపలికి వెళ్లిపోయింది.

మూడు వారాలుగా తాత చేస్తున్నదేమిటో అప్పుడు అర్థమైంది. ఆ మాట ఆమె నోట్లో తయారవుతుంటే ఆయన పక్కన కూర్చుని ఉన్నాడు. నేను దాన్ని లాక్కుని వీధిలో పారేశాను. ఆ ఏడాది గురువారాలు మా వసారాకు ఎవరూ రాలేదు. అయినా తాత ఆ వేళకు బెంచీ తుడిచి కూర్చునేవాడు. ఎవరూ రాకపోయినా చీకటి పడేదాకా లేచేవాడు కాదు. తర్వాత ఒక్కొక్కరే మళ్లీ వచ్చారు. అక్క వాళ్లు మాత్రం ధర్మవరం వెళ్లి అక్కడే ఉండిపోయారు.

ఇప్పుడు మా సంఘంలో ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చి చెప్పుకుంటారు. వింటాను. నా ఇల్లు దాటి ఏ మాటా పోనివ్వను. అందుకు వాళ్లు నన్ను మెచ్చుకుంటే లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటుంది.

తాత పోయిన మరుసటి ఏడాది ధర్మవరం స్టేషనులో అక్క కనిపించింది. పట్టుచీరల కొట్టులో పనిచేస్తోందట. పెళ్లి చేసుకోలేదు. నన్ను ఆమే గుర్తుపట్టి పిలిచింది. తాత గురించి అడిగింది, పోయాడంటే కళ్లు తుడుచుకుంది. కాసేపు పట్టాల వైపు చూసి, "పాపా, ఆ ఆదివారం నేను..." అని మొదలుపెట్టింది. ఎన్నేళ్లుగానో మోస్తున్న భారం ఆగక, ఆమె మాట మధ్యలోనే "నన్ను క్షమించక్కా, నాదే తప్పు, తెలిసే చేశాను" అని గబగబా అనేశాను. ఆమె నా మాటలు పూర్తయ్యేదాకా ఓపికగా విన్నది. నా భుజం తట్టి, "పోనీలే పాపా" అంది. ఇంతలో ఆమె ఎక్కవలసిన బండి వచ్చింది.

ఆమె ఏం చెప్పబోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.