మెట్టు అంచు

నాకు ఒకచోట కాలు నిలవదని మా అమ్మ ఎప్పటినుంచో అంటుంది. ఐర్లండ్ వచ్చాక మాత్రం నన్ను నిలవనివ్వంది ఇళ్ల ఓనర్లు. కాజిల్‌బార్‌లో ఒక ఇల్లు, బాలింకాలిగ్‌లో ఒకటి, తర్వాత నేస్‌లో ఇది. లీజు అయిపోయేసరికి ఖాళీ చేయమనడానికి ప్రతివాడికీ ఏదో ఒక కారణం. గోడకు మేకు కొడదామంటే చెయ్యి రాదు. అట్టపెట్టెలు పారేయకుండా మడిచి మెట్ల కింద దాచుకోవడం అలవాటైపోయింది.

నేస్‌లో మాది కొత్త ఎస్టేట్ కాదు. కెనాల్ దగ్గర పాత ఇళ్ల వరస. తలుపు తీస్తే ఒక రాతి మెట్టు, అది దిగితే ఫుట్‌పాత్. ఆ మెట్టు చూసే నేను ఇల్లు ఒప్పుకున్నాను.

చేరిన వారంలోనే ఒక పొద్దున సుద్దముక్కతో ముగ్గు వేస్తుంటే, పక్కింటావిడ పాల డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఎనభై దాటిన మనిషి. చూసి చూసి, "బాగుంది గానీ, అంచు వదిలేశావేం?" అంది.

"ముగ్గుకు అంచేమిటి ఆంటీ?" అన్నాను. ఇక్కడివాళ్లను ఆంటీ అనకూడదని మావారు ఎన్నిసార్లు చెప్పినా నా నోటికి వేరే మాట రాదు. పైగా పొద్దున్నే తప్పులు పట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆవిడ ఏమీ అనుకోలేదు. "వానొచ్చేలా ఉంది, టీ తాగుదువు రా," అని లోపలికి తీసుకెళ్లింది.

ఆ టీల దగ్గరే ఆవిడ సంగతంతా తెలిసింది. చంటిపిల్లగా ఉన్నప్పుడే అమ్మానాన్నలు ఆవిడను ఎత్తుకుని పని కోసం ఇంగ్లండ్‌లో ఒక నూలుమిల్లుల ఊరికి వెళ్లిపోయారట. అక్కడే పెరిగి, పెళ్లయ్యాక ఇటు వచ్చేసింది. మిల్లు కూత వేస్తే వీధిలో తలుపులన్నీ ఒకేసారి తెరుచుకునేవట. రాళ్లు పరిచిన వీధిలో చెక్క అడుగుల బూట్లు టకటకలాడేవట. పాతసామాన్లవాడు గుడ్డపేలికలు తీసుకుని బదులుగా ఒక మెత్తటి రాయి ఇచ్చేవాడు. ఆడవాళ్లు ఆ రాయి తడిపి, మోకాళ్ల మీద కూర్చుని, మెట్టు అంచు తెల్లగా రుద్దేవాళ్లు. అంచు మాసిన ఇంటి గురించి వీధంతా గుసగుసలే.

తర్వాత గ్యాస్ దీపాలు పోయి కరెంటొచ్చింది. రాళ్ల మీద తారు పోశారు. పిల్లలు ఆడుకునే చోట కార్లు చేరాయి. నైట్ షిఫ్టులకు పాకిస్తాన్ నుంచీ గుజరాత్ నుంచీ మనుషులొచ్చారు, జీలకర్ర పోపు వాసన ఆ వీధికి అప్పుడే తెలిసింది. మిల్లు మూతపడి కార్పెట్ల గోడౌన్ అయింది. ఇళ్లు పాతబడ్డాయని చివరికి మునిసిపాలిటీవాళ్లు వీధికి వీధే కూల్చేశారు. ఇప్పుడక్కడ కార్లు చుట్టి వెళ్లే రౌండబౌట్ ఉందట.

"మా వంటిల్లు ఎక్కడుండేదో చూద్దామని కారులో దాని చుట్టూ తిరిగాను," అంది.

"గుర్తుపట్టారా?"

"ఎక్కడ? వెనకవాడు హారన్ కొట్టాడు."

పోయిన చలికాలం మావారి పెదనాన్నగారు పోయారు. మైల కాబట్టి పదకొండు రోజులు ముగ్గు మానేశాను. ఆ మైల తీరకముందే ఓనరు మెయిల్ పెట్టాడు. ఇల్లు అమ్మేస్తున్నాడట, వేసవిలోగా ఖాళీ చేయాలట. చదివి మండిపోయాను. రోజులు పూర్తయినా ముగ్గు జోలికి పోలేదు. "మైల అయిపోయిందిగా?" అని మావారు అడిగారు. "ఎవడి మెట్టుకు వేయను?" అన్నాను. ఇంకా నెలల గడువుండగానే పెట్టెలు బయటికి లాగి, గిన్నెలు సర్దడం, కావాల్సి వచ్చి మళ్లీ తీయడం, ఇదే పని. కుదురుగా కూర్చుని అన్నం తిన్నది లేదు. ఆంటీకి మాత్రం చెప్పలేకపోయాను. చెప్తే నిజమైపోతుందని భయం.

ఒక పొద్దున తలుపు తీసేసరికి ఆవిడ నా మెట్టు దగ్గర, మోకాళ్ల కింద దిండు వేసుకుని, సుద్దతో అంచు రుద్దుతోంది.

"ఏం చేస్తున్నారు ఆంటీ! ఆ మోకాళ్లతో!"

తల ఎత్తకుండానే, "ఎప్పటిలోగా వెళ్లమన్నారు?" అంది.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. మెట్టు చూస్తే తెలియదూ? మా వీధిలో కూల్చేస్తామని నోటీసులు రాగానే ఆడవాళ్లు ముందు మానేసింది ఇదే. ఒక్కో మెట్టూ మాసిపోతుంటే ఇళ్లు అప్పుడే కూలిపోయినట్టుండేది."

నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ పక్కనే ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. కళ్లు తుడుచుకుని, "మీ అమ్మగారు కూడా మానేశారా?" అని అడిగాను.

"మా అమ్మా?" అని నవ్వింది. "సామాను సర్దడానికి నేనే వెళ్లాను. కూల్చే యంత్రం వచ్చి వీధి చివర నిలబడి ఉంది. అమ్మ బకెట్టు పట్టుకుని బయటికొచ్చి రుద్దడం మొదలెట్టింది. పిచ్చా నీకు అని నాన్న కేకలేశాడు. ఈ పూటకి ఇది నా ఇల్లే కదా అంది."

చెయ్యిచ్చి లేపి ఇంటిదాకా నడిపించాను. "నేను గ్రాండ్, బాగానే ఉన్నాను, నువ్వు వెళ్లు," అంటూనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే మెట్టు కడిగాను. ముందు అంచు రుద్దాను. తర్వాత చుక్కలు పెడుతుంటే మా అమ్మాయి స్కూలు బ్యాగుతో గుమ్మంలోకొచ్చి ఆగింది. పుట్టింది ఇక్కడే, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఐరిష్ యాస ఇంగ్లీషులోనే.

"బట్ వీ ఆర్ లీవింగ్, మామ్," అంది.

"అవునమ్మా, వెళ్లిపోతున్నాం," అన్నాను. "చుక్కలు తొక్కకు."