నాయనమ్మ కడుపునొప్పి

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఒకే ఒక్కసారి కడుపునొప్పని గోల పెట్టింది. అదీ దొంగనొప్పి. ఆ దొంగనొప్పి నటించినందుకు మా ఫ్లాట్లలోని తెలుగువాళ్ళు సగంమంది ఆవిడ మీద కత్తికట్టారు. నాకు మాత్రం ఇప్పటికీ వాళ్ళను తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

అప్పుడు సిడ్నీలో, గిరావీన్ అనే పేటలో ఉండేవాళ్ళం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పి ఆగిపోతాయని లోకమంతా బెంగపడుతున్న రోజులవి. మా చుట్టూ ఉన్నవన్నీ ఆ తేదీలు సరిచేయడానికి వచ్చిన కుటుంబాలే. మగవాళ్ళకు శనీ ఆదివారాలు కూడా ఆఫీసే. పక్క ఫ్లాట్‌లో తొమ్మిది నెలల బాబుతో ఒక అక్క ఉండేది. కాన్పులో బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, చావు అంచుదాకా వెళ్ళి బతికిన మనిషి. రెండేళ్ళదాకా మరో కాన్పు మాట తలపెట్టొద్దని, ఈలోపు వస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్లు గట్టిగా చెప్పి పంపారు.

బాబును చూసుకోవడానికని ఇండియా నుంచి వచ్చిన అత్తగారు ఆ మాటను చెవిన పెట్టలేదు. పాలిస్తున్నంతకాలం కడుపు రాదని, లేనిపోని మందులు మింగితే పాలు చెడిపోతాయని ఆవిడ వాదం. మా ఫ్లాట్ల ఆంటీలందరూ దానికి వంత పాడారు. అక్క భర్త పెద్ద చదువులే చదివాడు, అయినా అమ్మ చెప్పింది కదా అన్నాడు. తేదీలో రెండంకెలు తప్పుతాయేమోనని రాత్రింబవళ్ళు జాగ్రత్తపడిన మహానుభావుడు ఇంట్లో ఒక్క పూట జాగ్రత్తపడలేకపోయాడు.

ఒక శనివారం పొద్దున అక్క పెరుగు తోడుకని మా ఇంటికి వచ్చి వంటింట్లోనే కూలబడి ఏడ్చింది. మా అమ్మ పనికి వెళ్ళింది. నాయనమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను పక్కనే ఉన్నా అక్క పట్టించుకునే స్థితిలో లేదు. నిన్న రాత్రి ఏ జాగ్రత్తా తీసుకోలేదని చెప్పింది. “డాక్టర్ దగ్గరికి వెళ్తానంటే మా అత్తగారు ఎందుకు, జ్వరమా అంటున్నారు మామ్మగారూ. లాస్ట్ వీక్ నేను తీసుకున్న అపాయింట్‌మెంట్ కూడా మా ఆయనతో క్యాన్సిల్ చేయించేశారు.”

నాయనమ్మ చిక్కుళ్ళ గిన్నెను పక్కకు నెట్టింది. “ఎవతె చెప్పిందే పాలిస్తే రాదని? ఈ పిల్ల బాబాయి నా రొమ్ము వదలకముందే దీని మేనత్త కడుపులో పడింది. మా అక్కకీ ఇదే కూత కూశారు. ఆ వెనక కాన్పులోనే పోయింది.” చనిపోయిన తన అక్క గురించి ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు చెప్పింది. మా నాయనమ్మకు ఒక అక్క ఉండేదని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంతలో కోడలు ఇంకా రాలేదేమని అత్తగారు బాబును ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఆవిణ్ణి చూడగానే నాయనమ్మ పొట్ట పట్టుకుని నేల మీద పడి పొర్లింది. నిజమేననుకుని నేను బావురుమన్నాను. ఆ వేళకు ఇళ్ళలో ఉన్నవాళ్ళలో కారు నడపగలిగింది అక్క ఒక్కతే, క్లినిక్ మధ్యాహ్నానికల్లా మూసేస్తారు. పెద్దావిడ ప్రాణం మీదికొస్తే వెళ్ళొద్దనడానికి అత్తగారికి నోరు రాలేదు. బాబును తానే ఉంచుకుని మమ్మల్ని పంపింది.

కారు వీధి మలుపు తిరగగానే నాయనమ్మ లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. నాకేమీ కాలేదు, ఏడుపు ఆపమని నన్ను కసిరింది. క్లినిక్‌లో అక్కతోపాటు తానూ లోపలికి వెళ్ళింది. బయటికొచ్చాక చీటీ చూపించి మందుల షాపులో కడుపు రాకుండా ఆపే మాత్రలు తీసుకున్నారు. ఇప్పుడు అడిగితే ఇస్తారు గానీ అప్పట్లో డాక్టర్ చీటీ కావాలి. అక్క కారులోనే మొదటి విడత వేసుకుంది, రెండో విడత పన్నెండు గంటల తర్వాత.

తిరిగొచ్చేటప్పుడు నాయనమ్మ అక్క చేత డాక్టరమ్మ మాటలన్నీ తెలుగులో మళ్ళీ చెప్పించింది. పాలివ్వడం కాపాడేది మొదటి ఆరు నెలలేనట. అదీ పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప మరేమీ పట్టకుండా, నెలసరి ఇంకా మొదలవకుండా ఉంటేనే. బాబు అప్పటికే అన్నం తింటున్నాడు, అక్కకు నెలసరీ మొదలైంది. ఇప్పుడు వేసుకున్న మాత్రలు కలిసిన మూడు రోజుల్లోపు వేసుకుంటే పనిచేస్తాయి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు, అయినా ఖాయమని చెప్పలేం. మూడు వారాల్లో నెలసరి రాకపోతే పరీక్ష చేయించుకోవాలి. ఇకముందుకైతే పాలిచ్చే తల్లులకు సరిపడే మాత్ర ఉంది, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. లూప్ పెట్టించుకుంటే ఏళ్ళ తరబడి నిశ్చింత. మగవాడు కండోమ్ వాడొచ్చు. “అంటే వాడూ ఏదో ఒకటి చెయ్యొచ్చన్నమాట” అంది నాయనమ్మ. వెనక సీట్లో నేనున్నానని అక్క గొంతు తగ్గించబోతే, “గట్టిగా చెప్పు. దాన్ని విననీ. మాకెవరూ చెప్పకే కదా ఆరిపోయాం” అని అరిచింది.

మందుల సంచి చూసి అత్తగారికి సంగతి అర్థమైంది. ఆ సాయంత్రం వసారాలో జరిగిన గొడవ ఫ్లాట్లన్నీ విన్నాయి. నా కోడలి కడుపు మీ ఇంటి సొత్తా అని ఆవిడ అడిగింది. నీ ఇంటి సొత్తూ కాదు, దాని కడుపు దానిది అని నాయనమ్మ జవాబిచ్చింది. చిన్నపిల్లను వెంటేసుకెళ్ళిందని ఆంటీలు వేరే తిట్టారు. మా అమ్మా నాలుగు రోజులు నాయనమ్మతో మాట్లాడలేదు. అత్తగారు అక్కను మా గడప తొక్కనివ్వలేదు. నాయనమ్మ మాత్రం పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పక్క ఫ్లాట్‌కేసి చూస్తుండేది. అన్నం సరిగా తినేది కాదు.

ఒకరోజు పొద్దున్నే అక్క బాల్కనీలో కనిపించింది. చాప మీద విడిగా కూర్చుని ఉంది, పక్కన వేరే కంచం, వేరే గ్లాసు. అత్తగారు సిడ్నీ వచ్చినా ముట్టు పాటింపు మానలేదు, నెలసరి వస్తే కోడల్ని ఇంట్లో దేన్నీ తాకనిచ్చేది కాదు. లోపలి నుంచి ఆవిడ సణుగుడు మా దాకా వినిపిస్తోంది. అక్క మా కిటికీకేసి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ దిక్కుమాలిన చాపను చూసి సంతోషించే రోజొస్తుందనుకోలేదంటూ నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. తర్వాత గిన్నెడు ఉప్మా తింది.

నాయనమ్మ నగలు మా అత్తలకు పోయాయి. నాకు ఆవిడ నోరు వచ్చింది. ఇప్పుడు నేనుంటున్న స్కోఫీల్డ్స్ పేటలో ఏ సీమంతానికో పేరంటానికో వెళ్ళినప్పుడు ఎవరో ఒకావిడ బాలింతకు అదే పాత మాట చెబుతూనే ఉంటుంది. నేను ప్లేటు కింద పెట్టి, అది ఎందుకు తప్పో, ఏయే దారులున్నాయో ఉన్నదున్నట్టు చెబుతాను. పిల్లలున్నారు, కాస్త మెల్లగా అంటారు. నేను ఆ పిల్లల్నే దగ్గరికి పిలిచి, ఇంగ్లీషులో మళ్ళీ మొదటి నుంచీ చెబుతాను.