సైగ చేయని పరీక్ష

కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన ఏడాది జూన్‌లో, అమీర్‌పేటలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీవాళ్లు నన్ను స్వీపర్ పని నుంచి కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్‌గా మార్చారు. ఆ పనికి సీసాల మీది పేర్లు చదవడం రావాలి. నాకది నలభై దాటాక వచ్చింది. యూసుఫ్‌గూడలో మా చర్చి వెనక గదిలో సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను.

ఇంటర్ ప్రాక్టికల్ పరీక్షలో పెద్ద అంశం సాల్ట్ అనాలిసిస్. విద్యార్థికి కొంచెం తెల్లటి పొడి ఇస్తారు. పొట్లం మీద నంబరే తప్ప పేరుండదు. ప్రతి సాల్ట్‌లో రెండు భాగాలుంటాయి: ధనావేశం ఉన్నది కాటయాన్, రుణావేశం ఉన్నది ఆనయాన్. రెండూ ఏవో కనిపెట్టాలి. చూడ్డానికి ఆ పొడులన్నీ ఒక్కలాగే ఉంటాయి. యాసిడ్ పోసి, వేడి చేసి, మంటలో పెట్టి, జరిగింది రాయాలి.

మా దగ్గర అలా జరిగేది కాదు. ఎంట్రన్స్ కోచింగ్ పేరుతో ల్యాబ్ మూసే ఉంచేవారు. బ్యాచ్ అంతటికీ ఒకే సాల్ట్ వస్తుంది కాబట్టి, అదేదో తెలిసిన అటెండరే పరీక్ష రోజు సైగ చేయాలి. ముక్కు తాకితే అమ్మోనియం, దాని వాసన ఘాటు కాబట్టి. పచ్చ గాజు తిప్పితే బేరియం, అది మంటను పచ్చగా మారుస్తుంది. గోడ తాకితే కాల్షియం, సున్నానికి గుర్తుగా. సీనియర్ల నుంచి జూనియర్లకు ఇవన్నీ అందేవి. నేను చేయనని ముందే చెప్పాను.

"ఆంటీ గట్లనే అంటది. పరీక్షల చెప్తది తీ" అని పిల్లలు నవ్వారు.

పరీక్ష రోజు పొగను బయటికి లాగే ఫ్యాన్ పనిచేయలేదు. యాసిడ్ ఆవిరికి ముక్కు కారితే కొంగుతో తుడుచుకున్నాను. అంతే, బ్యాచ్ అంతా తలలు వంచి రాయడం మొదలుపెట్టింది.

పరీక్షించడానికి వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ మేడం ఒక అబ్బాయి పేపరు చూసి, వాసన వచ్చిందా అని అడిగారు.

"మస్తు ఘాటుగ వచ్చింది మేడం."

"ఇందులో అమ్మోనియమే లేదు నాన్నా."

మా లెక్చరర్ ప్రసాద్ గారు నన్ను స్టోర్ రూమ్‌లోకి పిలిచారు. "సారమ్మా, నంబర్లు నువ్వే తారుమారు చేశావని చెప్పు. చదువు రాని మనిషి పొరపాటు పడిందంటే ఆవిడ అందరికీ మార్కులు వేసేస్తారు."

"నాకు చదువొస్తది సార్."

"వస్తుందని నాకు తెలుసమ్మా. ఈ ఒక్క పూటకీ రాదను."

"నలభై ఏండ్లు రాదనే అన్న. ఇంక అనను."

"రేపటి నుంచి ఏం చేస్తావో ఆలోచించుకో మరి."

"ఇయ్యాల్టి పని అయినంక ఆలోచిస్త."

ఆయన చూస్తుండగానే మేడం దగ్గరికి వెళ్లాను. పొట్లాల నంబర్లు సరిగ్గానే ఉన్నాయని, టైమ్ ఇంకా ఉందని, పిల్లలను మళ్లీ చేయనివ్వమని అడిగాను. ఆవిడ గడియారం చూసుకుని, రాసినవి కొట్టేయించి కొత్త కాగితాలు ఇప్పించారు. నేను బర్నర్లు ముట్టించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ముందు వరుసలో ఒకమ్మాయి భయపడుతూ పొడి మీద డైల్యూట్ యాసిడ్ పోసింది. నురుగు లేచింది.

"ఆంటీ, పొంగుతుంది!"

"నాకెందుకు చెప్తవ్ బిడ్డా, రాసుకో."

ఆ వాయువును సున్నపు తేటలోకి పంపితే అది పాలలా తెల్లబడింది. అంటే కార్బొనేట్. అక్కడిదాకా చాలామంది వచ్చారు. రెండో భాగమైన కాల్షియాన్ని పట్టుకున్నవాళ్లు తక్కువ. ఎక్కువమందికి సగం మార్కులే పడ్డాయి, కొందరికి అవీ రాలేదు.

తర్వాత ప్రిన్సిపాల్ నన్ను క్షమాపణ రాసిమ్మన్నారు. రాయడం వచ్చు గానీ అది రాయనన్నాను. పంజాగుట్ట బ్రాంచిలో మెట్లు తుడిచే పనికి పంపారు. రిటైరయ్యేదాకా అదే చేశాను.

ల్యాబ్‌లో నేను తెలుసుకున్నది ఒకటే. టెస్ట్ చేయకుండా రాసిన పేరు సరైనదే అయినా దాన్ని ఫలితం అనరు. ఆ పిల్లలకు వచ్చిన సగం మార్కులు వాళ్లు చేసి తెచ్చుకున్నవి. మళ్లీ ఆ ల్యాబ్‌లో వేసినా నేను సైగ చేయను.