స్పెయిన్ బర్రె

దుబాయ్ అవతల ఫుజైరా కొండల్లో రాళ్లు నలగ్గొట్టే ఆ పాత క్రషర్‌ను పనివాళ్లంతా స్పెయిన్ బర్రె అనేవారు. దానిది ఉత్తర స్పెయిన్‌లో ఏదో గనుల ఊరు. అక్కడ గనులు మూతబడితే తుక్కు సామానుతో పాటు ఓడెక్కి ఇక్కడ తేలింది. దాని ఒంటి మీద ఆ ఊరి పేరు ఇంకా ఉంది, చదివేవాడే లేడు. బర్రె అంటే నిజంగా బర్రే. కొత్త చెయ్యి తగిలితే మొరాయించేది. భూమేశ్ చెయ్యి తగిలితే బుద్ధిగా రాళ్లు నమిలేది.

అదే అతని కొంప ముంచింది. మిగతా పనులవాళ్లు రెండేళ్లకోసారి ఇంటికి పోయి వచ్చారు. కరోనాకు ముందు దిగిన భూమేశ్ మాత్రం నాలుగేళ్లయినా కదల్లేదు. అతన్ని రప్పించిన కఫీల్ బీరువాలో పాస్‌పోర్టు మగ్గుతోంది. సెలవడిగినప్పుడల్లా పని చేయించే మేనేజరు ముదీర్‌ది ఒకటే పాట: బర్రెను పట్టేవాణ్ణి తయారుచెయ్, అప్పుడు నువ్వు ఖలాస్, ఇంటికి పో. ఇద్దరికి నేర్పాడు. బర్రె పట్టినవాడు ఇల్లు చూడడని క్యాంపులో ఎవరో చెప్పగానే ఇద్దరూ వేరే పని చూసుకున్నారు.

జగిత్యాల పక్క పల్లెలో అతని కూతురు అక్షయ తండ్రిని “ఫోన్ల బాపు” అంటుంది. అతను ఇక్కడికి వచ్చాక పుట్టిన పిల్ల, తండ్రిని ఫోన్‌లోనే చూసింది. ఆ మాటకు క్యాంపంతా నవ్వేది. భూమేశ్ కూడా నవ్వేవాడు, ఆ పూట అన్నం సయించేది కాదు.

అలాంటప్పుడు గంగాప్రసాద్ వచ్చాడు. పక్క మండలం వాడు, ఓపికమంతుడు, ఊళ్లో భార్య ప్రేమకు నెలలు నిండుతున్నాయి. భూమేశ్‌కు ప్రాణం లేచివచ్చింది. తన గదిలోనే పెట్టుకుని, వండిపెట్టి, బర్రె ఎప్పుడు అలుగుతుందో ఎలా బతిమాలాలో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పొద్దని క్యాంపులోవాళ్ల గడ్డాలూ పట్టుకున్నాడు. తప్పే, కాదనను. కూతుర్ని ఒక్కసారైనా ఎత్తుకోని మనిషికి నీతులు చెప్పడానికి నాకు నోరు రాదు.

చలి దిగిన ఒకరోజు బర్రె గంగాప్రసాద్ చేతికింద పొద్దస్తమానం ఆగకుండా నమిలింది. ముదీర్ చూసి, భూమేశ్ భుజం తట్టి, ఖలాస్ అన్నాడు. పాస్‌పోర్టు చేతికొచ్చింది.

అతను బ్యాగు సర్దుతుంటే గంగాప్రసాద్ గుమ్మంలో నిలబడ్డాడు. కాన్పుకు సెలవడిగాడట. బర్రెను ఎవరికి వదిలిపోతావని ముదీర్ నవ్వాడట.

“అన్నా, గిది నీకు ముందే ఎరుకేనా?”

భూమేశ్ తలెత్తకుండానే ఊపాడు.

గంగాప్రసాద్ గుమ్మం దాటి లోపలికొచ్చాడు. బ్యాగు తనే ఎత్తుకుని బండిదాకా మోశాడు. డ్రైవరు యల్లా అని తొందరపెడుతున్నా తలుపు వదల్లేదు.

“మరి నేనెవ్వలికి నేర్పాలె, అన్నా?”