కోడిగుడ్డు పెంకుల నెమలి

మా చిన్నప్పుడు... చంద్రగిరిలో మా పెరట్లో ఒక పాత కుండ ఉండేది. మూత తీస్తే చాలు... ఛీ ఛీ, కంపు గుప్పుమనేది! ఇప్పుడు రాస్తున్నా ముక్కు మూసుకోవాలనిపిస్తోంది.

అందులో నేను దాచినవి కోడిగుడ్డు పెంకులు! మాది అంగడి పెట్టుకున్న, నీచు ముట్టని కుటుంబం... ఇంట్లో గుడ్డు మాటే ఎత్తకూడదు. కానీ బడిలో చేతిపనుల పోటీ... పెంకులతో నెమలి చేయాలని నాకు పంతం. స్నేహితుడు జోసెఫు వాళ్లింట్లో అడిగి, చొక్కా కింద దాచి తెచ్చేవాణ్ణి.

లోపలి పొర ఒలవడం ఉందే... చీమిడిలా వేళ్లకు అంటుకునేది. థూ! రెండు పూటలు అన్నం సయించలేదు. పైగా మైదా ఉడికించిన జిగురు పులిసి ఇంకో కంపు!

అయినా మానలేకపోయాను... నీలిమందులో ముంచిన పెంకును అట్టమీద పెట్టి బొటనవేలితో నొక్కితే చిటచిటమని పగిలేది. ఆ పగుళ్లే ఈకలయ్యేవి! అబ్బబ్బా, ఆ సంతోషం ఎలా చెప్పను!

పోటీకి ముందురోజు ఆరబెడితే, మా అవ్వ వచ్చి తోక నిమిరింది.

"ఏందిరా ఇది, ఇంత నున్నగా ఉండాది?"

నాయన వాసన పట్టేశాడు. "కోడిగుడ్డు పెంకులమ్మా అవి! రేయ్, దాన్ని దిబ్బలో పారేసి, తలకు పోసుకోపో!"

"థూ... సచ్చినోడా! ముందే చెప్పకూడదా?" అవ్వ చెయ్యి విదిలించుకుంటూ స్నానానికి పరుగెత్తింది.

నేను అట్టను గుండెకు హత్తుకుని ఏడుస్తూ నిలబడ్డాను. నాయన లాక్కోబోయాడు. అంతలో అవ్వ తడి జుట్టుతో వచ్చి, నాలుగడుగుల దూరంలోనే ఆగింది.

"పారేసేదెందుకప్పా? ఆ తోక సూడు ఎట్లుండాదో! నేను ముట్టుకోనులే... కంటికి మైల యాడిది?"

నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోటీలో బహుమతి రాలేదు గానీ, నెమలి మాత్రం మా వసారా గోడెక్కింది! దూరంగా కూర్చుని చూసేది అవ్వ... ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

మొన్న మా అమ్మాయి, రంగు ముక్కలు అతికించి బొమ్మ చేసే మొజాయిక్ పెట్టె తెప్పించింది. నా బిడ్డ చేతిలో ఆ పని చూసి పొంగిపోయాను! కానీ ముక్కలన్నీ ఒకే కొలత... ఏ అంకె మీద ఏది అతికించాలో వాళ్లే రాసిచ్చారు. కంపు లేదు, తిట్లు లేవు... వేలికింద చిటచిటలూ లేవు.

మీ ఇంట్లో అందరూ ఛీ అన్నా మీరు వదలని చేతిపని ఏదైనా ఉందా? చెప్పండబ్బా... వినాలనుంది.